ఎస్తేరు ఒక్కదానికే వచ్చిన జీతం

ఆరేళ్ళుగా ఒక మనిషి నాకు కృతజ్ఞతలు చెబుతోంది. ఆ కృతజ్ఞతలు మొయ్యలేక ఇది రాస్తున్నాను.

తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్నేమో. నన్ను తిట్టినవాళ్ళు తక్కువేం కాదు. డాక్టర్లు తిట్టారు, పేషెంట్ల తాలూకు వాళ్ళు తిట్టారు, నా ఆడపడుచులైతే చెప్పనే అక్కర్లేదు. ఏదీ నాకు రెండు రోజులకి మించి గుర్తుండదు. కానీ ఎస్తేరు తిట్టదు. బిర్యానీ వండితే ముందు నా గిన్నెలో వేస్తుంది. కొత్తగా వచ్చిన నర్సులకి నన్ను చూపించి, "అక్క ప్రార్థన చేస్తే జరిగి తీరుద్దంతే" అంటుంది. నేను తల దించుకుంటాను. వాళ్ళు దాన్ని వినయం అనుకుంటారు.

నా పేరు చెప్పను, హాస్పిటల్ పేరూ చెప్పను. జెద్దాలో ఒక ప్రైవేటు హాస్పిటల్, అందులో ఆడవాళ్ళ వార్డుకి ఇన్‌చార్జి సిస్టర్‌ని. మాది పాలకొల్లు దగ్గర. పెళ్ళయిన రెండో ఏట వచ్చాను, ఇంకా ఇక్కడే ఉన్నాను. మీకింతవరకు తెలిస్తే చాలు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే ఇదంతా చెప్పగలుగుతున్నాను. తెలిసుంటే, "బాగున్నారా, భోజనాలయ్యాయా" అనేసి ఊరుకునేదాన్ని.

పెట్రోలు రేటు పడిందంటే మన ఊళ్ళో సంబరపడతారు. ఇక్కడ మా గుండెలు జారతాయి. చమురు ధర పడితే ముందు పెద్ద కట్టడాలు ఆగుతాయి. అవి ఆగితే కంపెనీలు వాళ్ళ మనుషుల ఇన్సూరెన్సు కట్టడం మానేస్తాయి. అది ఆగితే మా హాస్పిటల్‌కి రావలసిన డబ్బు రాదు. చివర్లో మేముంటాం. ఎక్కడో ఎవరో ఏదో అమ్ముకోలేకపోతే నా వార్డులో మంచాల దుప్పట్లు మార్చే పిల్లకి జీతం రాదు. ఇదంతా నాకు అప్పట్లో తెలియదు, తర్వాత్తర్వాత అర్థమైంది. అప్పుడు తెలిసిందల్లా ఒకటే. ఇరవై ఏడో తారీఖున ఫోనులో మెసేజ్ రావాలి, రాలేదు. "వచ్చే వారం" అన్నారు. తర్వాత "ఇన్షా అల్లా" అన్నారు. ఆ మాట అన్నాక ఇంక అడగడానికేమీ ఉండదు.

రెండు నెలలు అలా గడిచాయి. మెస్సులో చికెన్ మానేశాం. ఆ తర్వాత పాలు మానేశాం. అయినా డ్యూటీలు మాత్రం మానలేదు. జీతం రాలేదని ఏ పేషెంటూ సెలైను ఆగనివ్వదు కదా.

మాకొక అలవాటు ఉంది, దాని గురించి చెప్పకపోతే మీకు నా తప్పు అర్థం కాదు. శుక్రవారం పొద్దున డ్యూటీ లేనివాళ్ళం ఒక గదిలో చేరతాం. ఇక్కడ చర్చి అంటూ లేదు, ఉండనివ్వరు. చెప్పులు బయట విడవం, కవర్లో పెట్టి లోపలికి తెచ్చుకుంటాం. ఏసీ పెద్దగా పెట్టి దాని చప్పుడు కింద పాట పాడుకుంటాం. పాటయ్యాక మనవులు. ఒక్కొక్కరే తన కష్టం చెప్పాలి, అందరూ దానికోసం ప్రార్థన చెయ్యాలి. అక్కడ చెప్పింది గది దాటకూడదు. ఆ మాట ఎవరూ పైకి అనరు. అనాల్సిన అవసరమే లేదు. తల్లికి చెప్పనివి, మొగుడికి చెప్పనివి అక్కడ చెప్పుకుంటారు. పెద్దదాన్ని కాబట్టి నడిపించేది నేను. అందరి మనవులూ అయ్యాక నా వంతు వస్తుంది. నేనెప్పుడూ ఒకే మాట అంటాను. "నాకేం లేదమ్మా. దేవుడికి వందనాలు."

ఎస్తేరుది కోనసీమ. మొగుడు ప్రభుదాసు కొబ్బరి దింపు కార్మికుడు. ఒకరోజు చెట్టు మీంచి పడ్డాడు. ప్రాణం పోలేదు గానీ నడుం కింద స్పర్శ పోయింది. మంచంలో ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్క తిప్పాలి. తిప్పకపోతే ఒత్తిడికి ఒళ్ళు పుండు పడుతుంది. పుండు ఎముక దాకా పోతుంది. నర్సుకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. అతన్ని తిప్పడానికి, కడగడానికి ఎస్తేరు ఒకావిణ్ణి నెలజీతానికి పెట్టి, ఇక్కడికొచ్చి ఎవరెవరి అమ్మల్నో తిప్పుతూ ఆ జీతం పంపేది. ఫోన్ చేస్తే హలో అనేది కాదు. "తిప్పారా?" అనేది. ఆ తర్వాతే మిగతా మాటలు. వార్డులో అందరం నవ్వేవాళ్ళం. "మొగుడా, పెనం మీద అట్టా?" అని నేనే ఏడిపించాను ఒకసారి. అది కూడా నవ్వింది.

మూడో నెలలో ఒక శుక్రవారం ఎస్తేరు మనవి చెప్పింది. గొంతు బాగా తగ్గించి చెప్పింది.

"అక్కా, ఖోబర్‌లో ఒక హాస్పిటలోళ్ళు నన్ను తీసుకుంటామన్నారు. జీతం ఇక్కడికంటే ఎక్కువే. వరసగా మూడు నెలలు జీతం ఇవ్వకపోతే మనకి వీసా ఇచ్చిన కఫీల్ సంతకం లేకుండానే మారిపోవచ్చంట, ఆన్‌లైన్లో అయిపోద్దంట. ఇంకో పది రోజులు గడిస్తే చాలు. ఊళ్ళో ఆవిడ రెండు నెలల్నుంచి డబ్బుల్లేకుండానే ఆయన్ని చూస్తంది. ఇంక నావల్ల కాదమ్మా అంటంది. ఎవరికీ చెప్పకండి. ప్రార్థన చేయండి."

చేశాను. కళ్ళు మూసుకుని, దాని తల మీద చెయ్యి పెట్టి, నేనే పెద్దగా చేశాను. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ గుర్తుంది. నూనె రాసిన జుట్టు, వెచ్చగా ఉన్న మాడు.

రెండు రోజుల తర్వాత హెచ్చార్ సార్ నన్ను పిలిచాడు. హైదరాబాద్ ఆయన. చెడ్డవాడు కాదు, పిల్లల ఫీజులకి కష్టపడుతున్నవాడే. సులేమానీ చాయ్ తెప్పించాడు.

"సిస్టర్, మీరు సీనియర్. పోరిలందరు మీ మాటింటరు. ఎవరు జంప్ కొట్టాల్నని చూస్తున్నరో మీకెర్కే గదా."

"నాకేం తెలుసండీ?"

"నర్సులు పోతే వార్డు బందు. వార్డు బందయితే ఇన్‌చార్జి ఎందుకు? నేననట్లే, పైనోళ్ళు అంటున్నరు. నాక్కూడ రెండు నెలలాయె. మీ పైసల సంగతి నేను చూస్కుంట. జర సోంచాయించుండ్రి."

అంతే. బెదిరించలేదు. తలుపు మూయలేదు. లేచి వచ్చేయొచ్చు. చాయ్ తాగకుండా కూడా రావొచ్చు. నేను తాగాను. తాగి, కప్పు కింద పెట్టి, "ఎస్తేరు" అన్నాను. "ఖోబర్. మూడో నెల నిండాలని చూస్తోంది."

ఎందుకు చెప్పాను? ఈ ప్రశ్న నన్ను ఆరేళ్ళుగా తినేస్తోంది. అప్పుడు మా ఇల్లు సగంలో ఆగిపోయింది. స్లాబు వేసి ఉంది, కింద మట్టినేల. మేస్త్రీ రోజూ మా ఆయన్ని పీక్కుతింటున్నాడు. అది కారణమా? ఇన్‌చార్జి పోస్టు పోతుందన్న భయమా? లేక, నాకంటే తొమ్మిదేళ్ళు వెనకొచ్చిన పిల్ల నాకంటే ఎక్కువ జీతానికి పోతుంటే, నేనిక్కడే ఈ వార్డులోనే ముసలిదాన్నవ్వాలా అన్న ఏడుపా? మొదట్లో భయమే అని నాకు నేను చెప్పుకున్నాను. భయమైతే కాస్త పరువుగా ఉంటుంది. కానీ ఆ గదిలో దాని పేరు పలికినప్పుడు నాకు భయం వెయ్యలేదు. ఏదో ఒక మూల చల్లగా అనిపించింది. ఛీ, ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తున్నాను.

వాళ్ళు ఎస్తేరుని పనిలోంచి తీసేస్తారేమో, గట్టిగా మందలిస్తారేమో అనుకున్నాను. అలాంటిదేమీ జరగలేదు. ఆ వారంలోనే ఎస్తేరు ఫోనులో మెసేజ్ మోగింది. ఒక నెల జీతం. వార్డు మొత్తం మీద దానికొక్కదానికే.

నాకు రెండు నెలల జీతం పడింది. నేను ఎవరికీ చెప్పలేదు.

ఒక్క నెల జీతమే ఎందుకో మీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. వరసగా మూడు నెలలు రాకపోతేనే కదా ఆ తలుపు తెరుచుకునేది. మధ్యలో ఒక నెల పడిందంటే లెక్క మళ్ళీ మొదటికి. ఆ జీతం ఇచ్చింది దయతో కాదు, అది తలుపుకి వేసిన గొళ్ళెం. నాకు ఆ క్షణంలోనే తెలిసింది. ఎస్తేరుకి తెలియలేదు.

తెలియకపోగా తర్వాతి శుక్రవారం లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. "ఆశ వదిలేసుకున్న టయానికి దేవుడు నాకొక్కదానికే జీతం పంపాడు. నా ఒక్కదానికే! అక్క నా తల మీద చెయ్యేసి చేసిన ప్రార్థన ఆయన విన్నాడు." ఏడ్చింది. అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. నా ఏడుపు చూసి వాళ్ళు ఇంకా ఏడ్చారు. దేవుడి పేరు మీద జరిగిన ఆ నాటకంలో ముఖ్యమైన వేషం నాది.

అందరూ వెళ్ళాక అది ఆగింది. చెప్పుల కవరులోంచి మడత పెట్టిన రెండు వందల రియాళ్ళు తీసి నా చేతిలో పెట్టింది.

"ఉంచక్కా. నీకింకా రాలేదు గదా. నీ ఇల్లు ఆగిపోయింది గదా."

"వద్దే, నీకే అవసరం."

"నువ్వు తీసుకోకపోతే నామీదొట్టు. ఆయన్ని ఇప్పుడు బాగానే తిప్పుతున్నార్లే."

తీసుకున్నాను. తీసుకోకపోతే అనుమానం వస్తుందేమో అనుకున్నాను. చెప్పానుగా, నా బ్యాంకులో అప్పటికే రెండు నెలల జీతం ఉంది. మా ఆయన ఆ వారమే గ్రానైటుకి అడ్వాన్సు ఇచ్చాడు. అయినా ఆ రెండు వందలు తీసుకుని, మడత విప్పకుండా బైబిల్లో పెట్టాను. ఇవాళ్టికీ అక్కడే ఉన్నాయి. ఖర్చు పెట్టలేదు, తిరిగివ్వలేదు. ఆ పేజీలు ఇప్పుడు నేను తెరవను.

ఖోబర్ వాళ్ళు రెండు వారాలు ఆగారు. తర్వాత ఇంకెవర్నో తీసుకున్నారు. ట్రాన్స్‌ఫర్ ఎందుకు కాలేదో లేబర్ ఆఫీసులో అడిగితే, మీకు జీతం పడింది కదా అన్నారట. ఎస్తేరు అప్పుడైనా అనుమానపడుతుందనుకున్నాను. లేదు. "దేవుడి చిత్తం అక్కా, అక్కడ ఇంకేదైనా కష్టం ఉండేదేమో" అంది. అయ్యో పిచ్చిదానా అనుకున్నాను. ఎవరు పిచ్చివాళ్ళో ఇప్పుడు నాకు తెలియడం లేదు.

ఆ తర్వాత దానికీ మళ్ళీ జీతం ఆగింది. మూడో నెల నిండబోతుండగా దానికి మళ్ళీ ఒక నెలది పడింది. హెచ్చార్ సార్‌కి ఈ కిటుకు బాగా నచ్చినట్టుంది. రాజీనామా చేస్తే బకాయి జీతాలు మర్చిపొమ్మన్నారు. సెలవడిగితే మనుషుల్లేరన్నారు. "ఎల్లిపోతే ఆయన్ని దేంతో చూసుకోనక్కా?" అని నన్నే అడిగేది. నేను, ఓపిక పట్టమనేదాన్ని. హెచ్చార్ సార్ నన్ను ఇంకో రెండుసార్లు పిలిచాడు. ఇంకెవరి పేరూ చెప్పలేదు నేను. ఆ చెప్పకపోవడాన్ని చాలాకాలం ఒక పుణ్యంలా దాచుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే నామీద నాకే నవ్వొస్తుంది.

ఊళ్ళో ఆవిడ చివరికి మానేసింది. ఆవిణ్ణి తప్పు పట్టలేం, ఆవిడా జీతం లేకుండా ఎన్నాళ్ళు చేస్తుంది? తర్వాత ప్రభుదాసు చెల్లెలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి చూసేది. ఆ పిల్లకి రొయ్యల షెడ్డులో పని. "తిప్పారా?" అని ఎస్తేరు ఫోన్లో అడగడం మానలేదు. అవతల జవాబు మాత్రం ఆలస్యంగా వచ్చేది.

ఒక మధ్యాహ్నం డ్రెస్సింగు గదిలో నన్ను పిలిచి ఫోను చూపించింది. వీడియోలో అతని నడుం కింద పుండు. నేను చూడగానే లోతు తెలిసిపోయింది. దానికీ తెలుసు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఫోను జేబులో పెట్టుకుని, గ్లవ్స్ వేసుకుని, అది మూడో మంచం పెద్దావిడ దగ్గరికి వెళ్ళింది. ఆవిడకీ అదే చోట పుండు, అదింకా చిన్నది. మెల్లగా కడిగింది. మందు పెట్టింది. ఆవిణ్ణి పక్క తిప్పి, వీపు కింద దిండు సర్ది, అరబ్బీలో "నొప్పిగా ఉందా అమ్మా?" అని అడిగింది. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. అప్పుడే చెప్పాల్సింది. అప్పుడైనా నా దగ్గరున్న డబ్బు ఊరికి పంపాల్సింది. పంపితే ఎక్కడిదని అడుగుతుంది కదా అని ఆలోచించాను. ఒక మనిషి ఒళ్ళు కుళ్ళిపోతుంటే నేను ఆలోచించింది అది.

ప్రభుదాసుకి పుండు విషం రక్తానికి ఎక్కింది. కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు గానీ అప్పటికే ఆలస్యమైపోయింది. సమాధి కార్యక్రమం ఎస్తేరు ఫోన్లో చూసింది, మేమందరం దాని వెనక నిలబడ్డాం. మట్టి వేసేటప్పుడు దాని చెయ్యి నా చేతిలో ఉంది. "నువ్వున్నావు గాబట్టి తట్టుకున్నానక్కా" అంది. నేనే ఆ శుక్రవారం ఆదరణ వాక్యం చదివాను.

తర్వాత రోజులు బాగుపడ్డాయి. చమురు ధర లేచింది, ఎక్కడెక్కడి క్రేన్లూ మళ్ళీ తిరిగాయి, మా హాస్పిటల్ లాబీకి కొత్త పాలరాయి వేశారు. జీతాలు తారీఖుకి పడ్డాయి. బకాయిలు కూడా చాలావరకు ఇచ్చారు. ఎస్తేరుకి అన్నీ కలిపి వచ్చిన రోజు ఫోను చేతిలో పట్టుకుని చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. ఆ డబ్బు ఎవరికి పంపాలో దానికి తెలియలేదు. ఇంకా ఇక్కడే ఉంది, నా వార్డులోనే. ఊళ్ళో ఇంక ఎవరున్నారని వెళ్ళాలి?

దేవుడికి చెప్పుకున్నాను. ఎస్తేరుకి చెప్పాలి, అదీ తెలుసు. కానీ ఆ ఒక్క జీతం దేవుడు పంపాడన్న నమ్మకం తప్ప దాని దగ్గర ఇంకేమీ మిగల్లేదు, అదీ నేను లాక్కోవాలా అని నన్ను నేను అడుగుతాను. ఇది జాలా? పిరికితనానికి జాలి అని పేరు పెట్టుకున్నానా? రెండోదే అని నాకు తెలుసు. మా ఇల్లు పూర్తయింది. సెలవులో వెళ్ళినప్పుడు ఆ గ్రానైటు మీద వట్టి కాళ్ళతో నడుస్తాను. ఎండాకాలం చల్లగా ఉంటుంది. మా ఆయన అందరికీ చూపించి మురిసిపోతాడు.

ఇప్పుడు మళ్ళీ ధర పడుతోందంటున్నారు. పోయిన నెల జీతం పది రోజులు ఆలస్యమైంది. ఈ నెలది ఇంకా రాలేదు. హెచ్చార్‌లో ఇప్పుడు వేరే ఆయన ఉన్నాడు. పోయిన వారం నాకు ఫోన్ చేసి, "సిస్టర్, ఒకసారి చాయ్‌కి రండి" అన్నాడు.

మొన్న శుక్రవారం ఒక కొత్త నర్సు మనవి చెప్పడానికి లేచింది. నరసాపురం వైపు అమ్మాయి. వచ్చి ఏడాది కాలేదు. "నాకు వేరే చోట..." అని మొదలుపెట్టి, తలుపు వైపు చూసి ఆగింది. పక్కనున్న ఎస్తేరు దాని మోకాలి మీద చెయ్యేసింది.

"చెప్పమ్మా, పర్లేదు. అక్కకి చెప్పు. అక్క ప్రార్థన చేస్తే జరుగుద్ది. నాకు జరిగింది."

"చెప్పకు!"

అన్నది నేనే. అరిచినట్టే అన్నాను. ఏసీ చప్పుడు దాటి వినిపించింది. అందరూ కళ్ళు తెరిచారు. "ఇక్కడ చెప్పకమ్మా. ఎక్కడా చెప్పకు. నాకసలు చెప్పకు."

ఆ పిల్ల భయపడి కూర్చుండిపోయింది. ఎస్తేరు నావైపు చూసింది. కోపంగా కాదు. నొప్పి ఎక్కడుందో వెతికేటప్పుడు పేషెంటు మొహం కేసి చూస్తామే, అలా చూసింది. చాలాసేపు చూసింది. దానికేం అర్థమైందో నాకు తెలియదు. తర్వాత తల తిప్పుకుని, వెళ్ళిపోబోతున్నట్టు కవరులోంచి చెప్పులు తీసి, మళ్ళీ లోపల పెట్టుకుంది.

వరసగా మిగతావాళ్ళ మనవులయ్యాయి. నా వంతు వచ్చింది. నా నోటి దాకా వచ్చింది, నిజంగా వచ్చింది.

"నాకేం లేదమ్మా" అన్నాను. "దేవుడికి వందనాలు."

ఆ రోజు ఎస్తేరు నాకు అన్నం పెట్టలేదు. తన గిన్నె తను తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి తింది. నిన్నా మాట్లాడలేదు. ఇవాళ డ్యూటీలో "సిస్టర్" అని పిలిచింది, అక్కా అనలేదు. ఆరేళ్ళలో మొదటిసారి ఛాతీ మీంచి ఏదో కాస్త పక్కకి జరిగినట్టుంది.

ఆ గదిలో చెప్పలేకపోయిన నా మనవి ఇదే. ప్రార్థన చెయ్యమని అడగడం లేదు. నా తల మీద ఎవరూ చెయ్యి పెట్టొద్దు.